సముద్రపు నాచు మిరపకు తిండి పెట్టదు: పల్నాడు నల్లరేగడిలో ఒక కేసు

రైతు పేరు, ఊరు, మందుల షాపు వివరాలు ఇందులో ఉండవు. మిగతాదంతా నా పొలం డైరీలో ఉన్నట్టే రాస్తున్నాను. మిరప రైతులకు సలహాలిచ్చే పనిలో నేను చాలాకాలంగా ఉన్నాను. సీవీడ్ (సముద్రపు నాచు) మందుల మీద నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ రెండెకరాల చేనే.

నేపథ్యం

అది 2023 సీజన్. సాగర్ కుడి కాలువ నీళ్ల మీద నమ్మకం లేక చాలామంది బోర్ల మీదే మిరప వేశారు. ఈ రైతుకు యాభై దాటాయి, నేను బాబాయ్ అని పిలుస్తాను. భార్యాభర్తలు ఇద్దరూ రోజంతా చేలోనే ఉంటారు. రెండెకరాల నల్లరేగడి కౌలుకు తీసుకుని, పాత డ్రిప్ లైన్లు బాగు చేయించుకుని, ఆగస్టు చివరి వారంలో తేజ రకం నారు నాటారు.

దుక్కిలో పశువుల ఎరువు వేశారు గాని నత్రజని, భాస్వరం ఇచ్చే డీఏపీ వేయలేదు, తర్వాత యూరియా కూడా వేయలేదు. పెట్టుబడి అంతా షాపులో అరువు మీద నడుస్తోంది. "ఈసారి కెమికల్ తగ్గించు, ఈ సముద్రపు నాచు ఎరువు కొడితే చాలు" అని షాపులో సీవీడ్ లిక్విడ్ ఇచ్చారు. నాటిన పదో రోజు నుంచి ఎనిమిది రోజులకోసారి, మొత్తం ఐదు స్ప్రేలు చేశారు. మొదటి మూడు లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున, చివరి రెండు 5 మిల్లీలీటర్ల చొప్పున.

బాబాయ్ ఇదంతా ఎందుకు నమ్మాడో ముందు అర్థం చేసుకోవాలి. మొదటి రెండు స్ప్రేల తర్వాత చేను నిజంగానే నల్లగా నిగనిగలాడింది. కళ్ల ముందు ఆకుపచ్చ కనబడుతుంటే ఏ రైతైనా నమ్ముతాడు. సీవీడ్ సారంలో బీటైన్లనే పదార్థాలు ఉంటాయి. అవి ఆకులోని పత్రహరితం త్వరగా పోకుండా నిలుపుతాయి. పశువుల ఎరువు నుంచి అందిన కొద్దిపాటి బలంతో మొక్క చురుగ్గానే మొదలైంది. భూమిలో ఉన్నది అయిపోయాకే అసలు సంగతి బయటపడింది.

వచ్చిన సమస్య

అక్టోబరు నడిమిలో ఫోన్ వచ్చింది. "సారూ, చేను గిడసబారింది. కింద ఆకులు పండుతున్నాయి, పూత రాలిపోతోంది. డోసు పెంచినా లాభం లేదు."

వెళ్లి చూస్తే మూడు లక్షణాలు కనబడ్డాయి. అడుగు ఆకులు ఒకే తీరుగా పసుపుబారుతున్నాయి. పై ఆకుల అంచులు, కొసలు అక్కడక్కడా గోధుమరంగులో మాడాయి. పూత రాలుతోంది. మూడింటికీ కారణం ఒకటే అనుకుంటే పొరపాటు పడతామని ఒక్కోదాన్ని విడదీసి చూశాను.

ముందు పూత. 2021 నుంచి మన ప్రాంతంలో పూత రాలిందంటే అందరి చూపూ నల్ల తామర పురుగు మీదకే పోతుంది. పదిచోట్ల పూలు కోసి తెల్ల కాగితం మీద దులిపాను. పురుగు ఉంది గాని పూత మొత్తం రాల్చేంత లేదు. ఆకు పైకి ముడుచుకోవడమూ తక్కువే. పురుగు అసలు కారణం కాదని పక్కన పెట్టాను.

తర్వాత పసుపు. ఆకలేసిన మొక్క ముదురు ఆకుల్లోని నత్రజనిని లాగి కొత్త చిగుళ్లకు పంపుతుంది. అందుకే నత్రజని లోపం ఎప్పుడూ అడుగు ఆకుల్లో మొదలవుతుంది. ఈ చేలో సరిగ్గా అదే జరిగింది.

ఇక మాడిన అంచులు. పొటాష్ లోపంలోనూ అంచులు మాడతాయి, కానీ అది ముదురు ఆకుల్లో కనబడాలి. ఇక్కడ ఎండకు ఎదురుగా ఉన్న పై ఆకుల్లో, మందు చుక్క జారి ఆగే కొసల దగ్గర మాడింది. ఎప్పుడు కొట్టారని అడిగితే చివరి రెండు స్ప్రేలూ మధ్యాహ్నం పూటేనని చెప్పారు. ఎక్కువ డోసు, ఎండ వేళ, ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు కలిస్తే ఆకు మాడుతుంది. అనుమానం మిగలకూడదని నేల నమూనా తీసి పరీక్షకు పంపాను.

బాబాయ్‌తో గట్టు మీద కూర్చుని ఒక లెక్క వేశాను. ఈ కేసుకు అదే కీలకం కాబట్టి ఇక్కడా రాస్తున్నాను. నీటి వసతి ఉన్న మిరపకు ఎకరాకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్ కావాలన్నది మన వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు ఉంటుంది. అంటే ఎకరాకు దాదాపు ఆరు బస్తాల బలం కావాలి. బాబాయ్ ఐదు స్ప్రేలకూ కలిపి రెండెకరాల మీద వాడిన సీవీడ్ ఆరు లీటర్ల పైచిలుకు. అందులో నత్రజని నూటికి ఒక వంతు ఉందనుకున్నా మొత్తం 64 గ్రాములు. ఒక గ్లాసుడు యూరియాలో ఉండేది అంత. రెండెకరాల మిరప యాభై రోజుల పాటు ఆ గ్లాసు యూరియా మీద, కాస్త పశువుల ఎరువు మీద బతికింది.

లీటరు 900 చొప్పున ఆ సీవీడ్‌కు ఆరు వేలకు కాస్త తక్కువ అయింది. బస్తా 266 రూపాయల 50 పైసల చొప్పున రెండెకరాలకు 12 బస్తాల యూరియా తెచ్చినా 3,200 దాటదు. లెక్క వినగానే పిన్ని చేతిలోని కలుపు గడ్డి కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు. "ఎరువే కదయ్యా అన్నారు షాపులో" అని మాత్రం అంది.

అసలు సీవీడ్ సారం ఎరువు కాదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి ఇలాంటి వాటిని బయోస్టిమ్యులెంట్లు అనే వేరే తరగతిలో పెట్టింది. ఇవి మొక్కకు తిండి పెట్టవు. ఉన్న తిండిని బాగా వాడుకునేలా, దెబ్బను తట్టుకునేలా మొక్క లోపలి పనులను కదుపుతాయి. ఐర్లండ్, నార్వే, కెనడా చల్లని తీరాల్లో పెరిగే ఆస్కోఫిల్లమ్ అనే గోధుమరంగు నాచు, మన తమిళనాడులో రామనాథపురం తీరాన తెప్పలకు కట్టి పెంచే కప్పాఫైకస్ అనే ఎర్ర నాచు వీటికి ప్రధాన ముడిసరుకు. కప్పాఫైకస్‌ను పచ్చిగా పిండితే వచ్చే రసాన్ని మొక్కలకు వాడుకునే పద్ధతిని భావ్‌నగర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. పిండాక మిగిలిన పిప్పి, ఆహార పదార్థాలను చిక్కబరిచే కారజీనన్ తయారీకి పోతుంది. మంచి సరుకే. దాని పని వేరు, అంతే.

చేసిన ప్రయత్నాలు, తప్పిన దారులు

మొదట తీసుకున్న నిర్ణయం సీవీడ్ పూర్తిగా ఆపడం. దాని మీద కోపంతో కాదు. మూడు నాలుగు పనులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి మూడు వారాలు దాన్ని పక్కన పెట్టమన్నాను.

తర్వాత నేను చేసిన పని నా తప్పు. నేల పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా, ఉన్నపళంగా కాస్త ఊపిరి పోద్దామని 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ వరుసగా నూటికి అన్ని వంతులు ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు 5 గ్రాముల చొప్పున స్ప్రే చెప్పాను. ఎకరాకు 200 లీటర్ల డ్రమ్ముకు కిలో పొడి, అంటే నత్రజని 190 గ్రాములు. అదీ ఆకలి తీర్చదని నాకు తెలుసు. అయినా చేను నాలుగైదు రోజులు పచ్చబడింది. ఆ పచ్చదనం చూసి బాబాయ్ డ్రిప్‌లో యూరియా మొదలుపెట్టడం వారం వెనక్కి నెట్టాడు. నెమ్మదిగా పనిచేసేదాని కంటే త్వరగా రంగు చూపించేదాన్ని ముందు చేతికిస్తే రైతు నెమ్మదిగా పనిచేసేదాన్ని వాయిదా వేస్తాడు. డ్రిప్ మొదలుపెట్టించాకే స్ప్రే చెప్పాల్సింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. నవంబరు మొదటి వారంలో పూత నిలవడానికి కాల్షియం నైట్రేట్ లీటరుకు 5 గ్రాములు, బోరాన్ గ్రాము కొట్టమన్నాను. ఇంట్లో మిగిలిన సీవీడ్ అర లీటరు ఉంది. వృథా ఎందుకని దాన్నీ అదే డ్రమ్ములో పోశారు. అరగంటకు తైవాన్ పంపు ఆగిపోయింది. నాజిల్ విప్పి ఊదినా పనిచేయలేదు. పిన్ని ఫోన్ చేసి, "డ్రమ్ములో సగ్గుబియ్యం ఉడికినట్టు గింజలు గింజలుగా అయింది సారూ" అంది.

వెళ్లి ఫిల్టర్ తీసి చూశాను. గోధుమరంగులో జారుడుగా ఉన్న ముద్దలు జాలీకి అంటుకుని ఉన్నాయి. రెండు వేళ్లతో నొక్కితే జెల్లీలా సాగి తెగాయి. ఆ సీసా గోధుమరంగు నాచుతో చేసినది. గోధుమరంగు నాచుల్లో ఆల్జినేట్ అనే జిగురు పదార్థం ఉంటుంది. ఆల్జినేట్‌కు కాల్షియం తగిలితే గడ్డకడుతుంది. పళ్ల డాక్టరు అచ్చు తీయడానికి నోట్లో పెట్టే ముద్ద గట్టిపడేది కూడా ఈ పద్ధతిలోనే. కాల్షియం ఆల్జినేట్‌లో ఇరుక్కుపోయింది, ఆల్జినేట్ నాజిల్‌లో ఇరుక్కుపోయింది. ఆకుకు రెండూ అందలేదు. "దీంట్లో ఇంకేమీ కలపొద్దు" అన్న ఒక్క మాట చెప్పకపోవడం నా లోపం. రైతు ఇంట్లో మిగిలిన సీసాలు ఏమేం ఉన్నాయో అడగకుండా ఇప్పుడు నేను ఏ స్ప్రే కూడా రాయను.

ఆ రోజే అక్కడే మంచినీళ్ల బాటిల్‌లో పరీక్ష చేసి చూపించాను. లీటరు బోరు నీళ్లలో 2 మిల్లీలీటర్ల సీవీడ్ ఒక్కటే కలిపాం. అందులోనూ కాసేపటికి సన్నటి తరకలు తేలాయి. ఆ బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు, డ్రిప్పర్ల మూతికి తెల్లటి పొర కడుతుంది. అంటే నీళ్లలోనే కాల్షియం, మెగ్నీషియం బాగా ఉన్నాయి. పీహెచ్ కాగితం ముంచితే 8 పైన చూపించింది, అంటే క్షార నీళ్లు. క్షారంతో ఉడికించి తీసిన సీవీడ్ సారాల పీహెచ్ కూడా ఎక్కువే ఉంటుంది. చాలా పురుగు మందులు, ముఖ్యంగా ఆర్గానోఫాస్ఫేట్ రకాలు, క్షార నీటిలో త్వరగా విరిగిపోతాయి. సీవీడ్‌ను పురుగు మందుతో కలిపి ఒకే ట్యాంకులో పోయడం నేను ఆ తర్వాత పూర్తిగా మానిపించాను.

పనిచేసినవి

నేల పరీక్షలో నత్రజని తక్కువ, భాస్వరం మధ్యస్థం, పొటాష్ ఎక్కువ అని వచ్చింది. పొటాష్ ఎక్కువ ఉండటం మన నల్లరేగడికి మామూలే. ఆకు అంచులు మాడింది పొటాష్ లోపంతో కాదన్న నా అంచనాకు అది బలమిచ్చింది.

నత్రజని ఎలా ఇవ్వాలన్నదే ఇక్కడ అసలు నిర్ణయం. పోయిన యాభై రోజుల లోటు ఒకేసారి భర్తీ చేద్దామని బాబాయ్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒక్కసారిగా నత్రజని పడితే చిగురు మెత్తబడి రసం పీల్చే పురుగులకు విందు అవుతుంది. పైగా అప్పటికే తామర పురుగు చేలో ఉంది. అందుకే ఐదు రోజులకోసారి ఎకరాకు 8 కిలోల యూరియా డ్రిప్‌లో, మొదటి రెండు విడతల్లో దానితో పాటు 12:61:0 మూడేసి కిలోలు. పోయిన కాలాన్ని తిరిగి తేలేమని, సిఫారసు మొత్తం ఈ సీజన్‌లో అందదని ముందే చెప్పేశాను. రెండు వారాల్లో కొత్త ఆకు వెడల్పుగా వచ్చింది. నవంబరు చివరికి పూత నిలబడింది, పిందె పడింది. ఇందులో సీవీడ్ పాత్ర ఏమీ లేదు.

అంతలో డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చేను దిగువన ఉన్న అర ఎకరంలో ఒకటిన్నర రోజు నీళ్లు నిలిచాయి. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేరుకు గాలి ఆడదు. మొక్క ఉరకెత్తి తలలు వాల్చింది. మురుగు కాలువ తీసి నీళ్లు బయటికి పంపాం. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందు మొదళ్లలో పోశాం. వేరు పనిచేయని రోజుల్లో ఆకు ద్వారా కాస్త బలం అందాలని 13:0:45 స్ప్రే చేయించాను. ఇవన్నీ చేనంతా ఒకేలా చేశాం.

అప్పుడు సీవీడ్ మళ్లీ గుర్తొచ్చింది. దెబ్బ తిన్న మొక్క కొత్త వేరు తొడగడానికి ఇది ఉపయోగపడుతుందని చెబుతారు. ఇప్పుడు మొక్కకు ఆకలి లేదు, దెబ్బ మాత్రం ఉంది. సీవీడ్‌ను న్యాయంగా పరీక్షించడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. పాత సీసా మీద రిజిస్ట్రేషన్ వివరాలు లేవు, అందుకే వద్దన్నాను. ఇలాంటి సీసాల్లో పురుగు మందు 0.01 పీపీఎం, అంటే పది కోట్లలో ఒక వంతు మించి ఉండకూడదన్నది నియమం. లేబుల్ లేని సరుకులో ఏం ఉందో ఎవరు చెప్పగలరు? ఆస్కోఫిల్లమ్ సారం అని, బయోస్టిమ్యులెంట్ అని స్పష్టంగా రాసి ఉన్నది కొత్తగా తెప్పించాను.

కాపర్ మందు పోసిన నాలుగు రోజులకు, నేల పదునుకు వచ్చాక, పంపు నాజిల్ తీసేసి ఎనిమిది సాళ్లలో మొక్కకు వంద మిల్లీలీటర్ల చొప్పున సీవీడ్ ద్రావణం మొదట్లో పోశాం. డోసు లీటరుకు 2 మిల్లీలీటర్లు. తరకలు రాకుండా బోరు నీళ్లు కాకుండా తాగునీటి ట్యాంకు నీళ్లు వాడాం. పక్కనున్న ఎనిమిది సాళ్లలో అంతే కొలత మామూలు నీళ్లు పోశాం. ఇది ముఖ్యం. పక్క సాళ్లను ఊరికే వదిలేస్తే, తేడా వచ్చింది నీళ్ల వల్లో సీవీడ్ వల్లో చెప్పలేం. పిన్ని పాత చీర అంచు చింపి సీవీడ్ సాళ్లకు ఎర్ర పీలికలు కట్టింది. నీళ్లు నిలవని ఎగువ భాగంలో కూడా ఎనిమిది సాళ్లు సీవీడ్‌కు, ఎనిమిది మామూలు నీళ్లకు అనుకుని అదే చేశాం.

పది రోజుల తర్వాత దిగువ భాగంలో ఇటు మూడు, అటు మూడు మొక్కలు పారతో మట్టితో సహా లేపి బకెట్ నీళ్లలో కడిగాం. సీవీడ్ సాళ్ల మొక్కలు మూడింటికీ తెల్లటి కొత్త వేర్లు, దారాల్లా, వేలెడు పొడవున వచ్చాయి. మామూలు నీళ్ల మొక్కల్లో ఒకదానికే అలా ఉంది. మిగతా రెండింటి వేర్లు గోధుమరంగులో, పట్టుకుంటే పై తొక్క ఊడి చేతికి వచ్చేస్తున్నాయి. సంక్రాంతి నాటికి చచ్చిన మొక్కలు సీవీడ్ సాళ్లలో 11, పక్క సాళ్లలో 19. మొదటి కోత కాయ కల్లంలో ఎండాక విడివిడిగా తూకం వేశాం. సీవీడ్ సాళ్లు 9 కిలోలు ఎక్కువ ఇచ్చాయి. ఎగువ భాగంలో మాత్రం రెండు కిలోల తేడా వచ్చింది, అదీ మామూలు నీళ్ల సాళ్లవైపే. అంటే అక్కడ తేడా లేదనే తీసుకోవాలి.

నేను నేర్చుకున్నవి

ఎగువ భాగం ఫలితమే నాకు ఎక్కువ విలువైనది. కడుపు నిండి, దెబ్బ తగలని మొక్కకు సీవీడ్ పోసి డబ్బు పెట్టినా ప్రయోజనం కనబడలేదు. ఆకలితో ఉన్న మొక్కకు మొదటి యాభై రోజుల్లో ఐదుసార్లు కొట్టినా నిలబెట్టలేకపోయింది. తిండి అందుతూ దెబ్బ తిన్న మొక్కకే అది పనికొచ్చింది. ఇది ఒక్క చేను, ఒక్క సీజన్, పదహారేసి సాళ్ల లెక్క. 9 కిలోల తేడాలో నేల తేడా కూడా కొంత ఉండొచ్చు. అందుకే నా రైతులందరికీ సీవీడ్ రాయడం మొదలుపెట్టలేదు. తుపాను, వడగాలి, నారు పీకి నాటడం లాంటి దెబ్బ ఎదురైనప్పుడు, ఎరువు సక్రమంగా అందుతున్న చేలో మాత్రమే, అదీ పోల్చి చూసుకోవడానికి కొన్ని సాళ్లు వదిలేసి వాడమంటున్నాను.

నాచు మందు పనిచేయలేదని ఎవరైనా అంటే ఇప్పుడు నేను ముందు అడిగేది ఎరువు ఏం వేశారని. తర్వాత నీళ్లు ఎలాంటివని. ఆ రెండింటికీ జవాబు తెలిశాకే సీసా చేతిలోకి తీసుకుంటాను.

డోసు పెంచే అలవాటు గురించి కూడా చెప్పాలి. యూరియా తగ్గితే ఇంకాస్త వేస్తే పని జరుగుతుంది, ఎందుకంటే అది తిండి. సీవీడ్ అలా కాదు. అది మొక్కకు అందించే కబురు లాంటిది. రెండున్నర రెట్లు గట్టిగా చెప్పినంత మాత్రాన మొక్క రెండున్నర రెట్లు పెరగదు, ఆకు మాడుతుంది. బాబాయ్ 2 నుంచి 5 మిల్లీలీటర్లకు పెంచింది తిండి లెక్కతో. షాపులో "ఎరువు" అన్న మాట వినకపోయి ఉంటే ఆ పని చేసేవాడు కాదు.

తర్వాతి సీజన్‌లో బాబాయ్ దుక్కిలో డీఏపీ వేసి, నాటిన పదిహేనో రోజు నుంచే డ్రిప్‌లో యూరియా మొదలుపెట్టాడు. దిగువ అర ఎకరంలో ముందే మురుగు కాలువ తీయించాడు. పిన్ని కిటికీ గూట్లో ఖాళీ మంచినీళ్ల బాటిల్ ఒకటి ఉంది. ఏ రెండు మందులు కలిపి కొట్టాలన్నా ముందు అందులో కలిపి, అరగంట ఆగి, వెలుగుకు ఎత్తి చూస్తుంది.